గద్దల వరసలో ఖాళీ కాగితం

ఆశీర్వాదం మాస్టారి సంతాప సభలో నర్సింగరావు చెప్పిన కథ నేను తయారు చేసిందే. సభ తార్నాకలో చర్చి వెనక ఉన్న చిన్న హాల్లో పెట్టారు. కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. ఆయన దగ్గర ఒకప్పుడు జర్మన్ నేర్చుకున్నవాళ్ళం కొద్దిమందిమి వెనక వరసలో కూర్చున్నాం. నర్సింగరావు నాతో చదువుకున్నవాడు, మంచి మాటకారి. సభ మరీ బరువుగా ఉందనుకున్నాడేమో, మైకు ముందు నిలబడి ఒక సంగతి చెప్పాడు. ఒకసారి క్యాంపస్‌కి జర్మనీ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడట. మన సారు ఆ దేశపు గద్ద బొమ్మలన్నీ గోడకు పెట్టించి, మధ్యలో శుభమని కుంకుమతో స్వస్తిక్ వేసి ఆయనకు స్వాగతం చెప్పారట. హిట్లర్ గుర్తును హైదరాబాదులో చూసి ఆ పెద్దమనిషికి నోట మాట రాలేదట. "గంత అమాయకుడు మన సారు" అని నర్సింగరావు ముగించాడు. జనం నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. పోయిన మనిషిని దగ్గరికి తీసుకున్నట్టు నవ్వారు. ముందు వరసలో తెల్లచీర కట్టుకుని కూర్చున్న ఆయన భార్య సుగుణమ్మగారు మాత్రం నవ్వలేదు, తల కూడా తిప్పలేదు. నేను నవ్వాను. ఎన్నో ఏళ్ళుగా నేనే చెప్పి నలుగురిని నవ్వించిన చోటు అది. నవ్వు దానంతట అదే వచ్చింది.

ఆ కథలో గద్దలు నిజం. కుంకుమ నిజం. జర్మన్ ప్రొఫెసర్ కూడా నిజమే. కుంకుమ పెట్టిన చెయ్యి మాత్రం నాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచి చెప్పడానికి ఇందులో గొప్పేమీ లేదు కాబట్టి. ఇంకో మాట కూడా ఉంది. ఆ ప్రొఫెసర్ వచ్చి వెళ్ళిన తర్వాతి ఏడాది తెలంగాణ ఉద్యమం వచ్చి క్యాంపస్ మూతపడింది. ఆంధ్ర ప్రాంతం మనిషి కాబట్టి మాస్టారిని అప్పుడు వెళ్ళగొట్టారని కొందరు అంటూ ఉంటారు. అదీ తప్పే. ఆయన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఉద్యమం కన్నా ముందే సాయంత్రం క్లాసు ఆయనంతట ఆయనే మానేశారు. ఎందుకు మానేశారో తెలిసినవాళ్ళలో ఆ సభ నాటికి మిగిలింది నేనొక్కణ్ణి.

నాది భువనగిరి దగ్గర పల్లె. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ సీటు వచ్చి క్యాంపస్‌కి చేరాను. జర్మన్ వస్తే మంచిదని ఆ రోజుల్లో మా పెద్దవాళ్ళు గట్టిగా చెప్పేవాళ్ళు. పాత పరిశోధనల్లో చాలా భాగం ఆ భాషలోనే ఉండేది. లైబ్రరీలో అట్టలు ఊడిన లావుపాటి సంపుటాలు బారులు తీరి ఉండేవి, వాటిని తెరిచి బొమ్మలూ సూత్రాలూ చూసి మూసేసేవాళ్ళం. అందుకని సాయంత్రం సర్టిఫికెట్ కోర్సులో చేరాం. ల్యాబులోంచి నేరుగా, చేతులకు కుళ్ళిన గుడ్ల వాసన పోకముందే, ఆ క్లాసులో కూర్చునేవాళ్ళం. మాస్టారు కిటికీలన్నీ తీయించి పాఠం మొదలుపెట్టేవారు. వాసన గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆయనది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. తండ్రి మిషన్ స్కూల్లో పంతులు. ఆ మిషన్ బంగళాలో ఉండే ముసలి జర్మన్ పాదిరి దగ్గర చిన్నప్పుడే ఆ భాష నేర్చుకున్నారు. జర్మనీ మాత్రం ఎన్నడూ చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

హాస్టల్లో సీటు దొరక్క కాచిగూడలో చుట్టాలింట్లో ఉంటున్నానని తెలిసి, తార్నాకలో తను అద్దెకుంటున్న ఇంటి ముందు గది నాకిచ్చారు. వంట నేనే చేసుకునేవాణ్ణి. గోడకు అవతల వాళ్ళ సంసారం. వాళ్ళకు పిల్లలు లేరు. సుగుణమ్మగారు దగ్గరలోని బడిలో టీచరు. ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు వాసనలే గుర్తొస్తాయి. పొద్దున కిరోసిన్ స్టవ్, మధ్యాహ్నం బట్టలకు పెట్టే నీలిమందు, ఊరి నుంచి ఎవరైనా వచ్చి వెళ్ళిన వారం ఎండుచేపల వేపుడు. ఆ వేపుడు రోజున ఆమె నా గది కిటికీ రెక్క బయటి నుంచి దగ్గరికి వేసేది. నాకు ఇబ్బందని అనుకునేది. నాకు ఆకలి వేసేది, కానీ ఆ మాట చెప్పలేకపోయాను. శనివారం మధ్యాహ్నం మాస్టారు కాన్వాస్ బూట్లకు తెల్లసుద్ద పూసి పిట్టగోడ మీద ఆరబెట్టేవారు. ఆరే వరకు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కాకి ముట్టుకుంటుందని ఆయన భయం. ఆ కుర్చీలోనే పేపరు చదివేవారు, వేలు పెట్టి ప్రతి లైనూ చివరిదాకా. పొద్దున మాణికేశ్వర్ నగర్ నుంచి పాలు తెచ్చే ముసలామెతో ఆయన గుంటూరు మాటలు, ఆమె ఈ ఊరి మాటలు. ఇద్దరికీ సగం సగం అర్థమయ్యేవి. పాలు మాత్రం రోజూ సరిగానే వచ్చేవి.

ఆ చలికాలంలో జర్మనీ నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నాడని తెలిసింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదవడానికి స్కాలర్‌షిప్‌లకు మనుషుల్ని ఎంచుతాడు, సైన్సు చదివి కాస్త జర్మన్ వచ్చినవాళ్ళకు అవకాశం ఎక్కువ. మా క్లాసులో ఆ లెక్కకు సరిపోయేవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో. మాస్టారు నా పేరు పంపారు. అతిథి వచ్చిన రోజు గోడకు ఏదైనా పెడదామని ఆయనే అన్నారు. ఆ దేశం గురించి నదులూ కొండలూ ఫ్యాక్టరీలూ అందరూ పెడతారు, మనం గద్ద పెడదాం అన్నారు. వాళ్ళ రాజముద్ర మీద గద్ద ఎప్పుడు వాలిందో, ఇన్ని వందల ఏళ్ళలో ఎలా మారిందో ఒక్కో కాగితం మీద ఒక్కో బొమ్మ. బొమ్మలు నేను వెయ్యాలి. మా ఊళ్ళో పీర్ల పండగకూ నాటకాలకూ తెరలు రాసిన చెయ్యి నాది. కాచిగూడలో బోర్డులు రాసేవాళ్ళకు రంగులమ్మే దుకాణం నుంచి నల్లరంగు, ఎర్రరంగు, బంగారు పొడి తెచ్చాం. కాగితాలను అట్టలకు అంటించడానికి సుగుణమ్మగారు మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపింది. ఆదివారాలు వాళ్ళు చర్చి నుంచి వచ్చాక పెరటి వసారాలో పని మొదలయ్యేది.

మొదటి కాగితం మీద అసలు రాజముద్ర లేదు. ఒక రాజభవనం, దాని కప్పు మీద కంచు గద్ద. కార్ల్ అనే మహారాజు రోము చక్రవర్తులకు తను వారసుణ్ణని చెప్పుకోవడానికి దాన్ని అక్కడ పెట్టించాడని అంటారట. 'అంటారట' అన్న మాట కింద తప్పకుండా రాయమన్నారు. రెండోది ఆ తర్వాతి రాజుల డాలు, బంగారు నేల మీద నల్ల గద్ద. ముక్కూ గోళ్ళూ ఎరుపు, రెక్కలు రెండు పక్కలకూ పూర్తిగా విప్పి ఉంటాయి. దాన్ని నేను మన కుడిపక్కకు చూస్తున్నట్టు వేశాను. ఆయన కాసేపు చూసి, అది తన కుడివైపు చూడాలయ్యా, మన ఎదురుగా నిలబడ్డ మనిషికి కుడి ఎటో దానికీ అటే అన్నారు. నేను రెండు ఆదివారాలు పడ్డ పాటు పోయింది. మళ్ళీ వేశాను. జిగురు గిన్నె తెచ్చిన సుగుణమ్మగారు వంగి చూసి, "ఏవండీ, ఇది గద్దలా లేదు, పొట్ట చీల్చి ఎండేసిన చేపలా ఉంది" అంది. మాస్టారు నవ్వి, నిజమే, ఏడెనిమిది వందల ఏళ్ళ నుంచి ఎండుతోంది అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో రెండో కాగితం పేరు ఎండుచేపే అయింది.

మూడో గద్దకు రెండు తలలు. ఒక్కో తల వెనక సూర్యబింబంలాంటి చక్రం. అది వేస్తుంటే నాకు మా ఊరి గుళ్ళో స్తంభం గుర్తొచ్చింది. "ఇది గండభేరుండం గద సార్" అన్నాను. "మనకు గండభేరుండం, వాళ్ళకు చక్రవర్తి" అన్నారు. "రాజుగా ఉన్నంత కాలం ఒక తల. చక్రవర్తి అయ్యాక రెండు. వాళ్ళకూ మనకూ ఈ పిచ్చి ఒకటే." నాలుగోది అదే రెండు తలల గద్ద, కిరీటం లేకుండా. రాజులతో పని లేకుండా జనం తరఫున ఒక సభ పెట్టుకుని దేశాన్ని ఒకటి చేద్దామనుకున్నవాళ్ళు దాన్ని ఎంచుకున్నారట. ఆ సభ నిలవలేదు. ఐదోది రాజులు మళ్ళీ గెలిచాక వచ్చింది. ఒక్క తలే గానీ పైన పెద్ద కిరీటం. గద్ద గుండె మీద డాలు, ఆ డాలు మీద ఇంకో చిన్న గద్ద, ఆ చిన్న గద్ద గుండె మీద ఇంకా చిన్న డాలు. దాన్ని వేయడానికి సన్నకుంచె కూడా లావైపోయి, అగ్గిపుల్ల చెక్కి వాడాను. హాస్టలు నుంచి నన్ను చూడవచ్చిన నర్సింగరావు వసారాలో ఆరుతున్న వాటన్నిటినీ చూసి, "ఏందిరా యాదగిరీ, కెమిస్ట్రీ సదువుతున్నవా, కోళ్ళఫారం పెడుతున్నవా?" అన్నాడు. మాస్టారు వినేలాగానే అన్నాడు. ఆయన ఆ మాటకు సంతోషపడి, వాళ్ళ పార్లమెంటులో గోడకున్న గద్ద బాగా లావుగా ఉంటుందనీ, ఆ దేశం వాళ్ళు కూడా దాన్ని బలిసిన కోడిపెట్ట అనే పిలుచుకుంటారనీ చెప్పారు.

ఆరోది మొదటి యుద్ధం ఓడాక వచ్చిన గద్ద. రాజు పోయాడు, కిరీటం పోయింది, గుండె మీది డాలు పోయింది. ఉత్త నల్ల గద్ద. వేయడం చాలా తేలికైంది. ఎనిమిదోది రెండో యుద్ధం తర్వాతిది, అంటే మేము బొమ్మలు వేస్తున్నప్పుడు పశ్చిమ జర్మనీ వాళ్ళు వాడుతున్నది. నమూనా తీసి చూపిస్తే నేను బిత్తరపోయాను. అది ఆరోదే. ఈకలు కూడా అవే. అదే బొమ్మ రెండుసార్లు ఎందుకని అడిగాను. ఆయన కుంచె కడుగుతూ చెప్పారు. పాతదాన్నే మళ్ళీ తెచ్చుకున్నారు, మధ్యలో ఏమీ జరగనట్టుగా కనిపిస్తుంది, అందుకే మధ్యలో కాగితం కావాలి అన్నారు. ఏడో కాగితాన్ని ఎలా పెడదామని అడిగితే, "అక్కడ ఏమీ వెయ్యకు" అన్నారు. "అక్కడా గద్ద ఉండేది. దాని కాళ్ళ కింద ఏముండేదో నీకు తెలుసు. దాన్ని మన గోడ మీద పెట్టను. అలాగని ఆ ఏళ్ళు లేవన్నట్టు ఈ రెండు కాగితాల్ని దగ్గరికి జరపను కూడా. ఖాళీగా ఉంచుదాం. చూసేవాడు ఆగుతాడు."

నాకు తెలుసునన్నాను. తెలుసు కూడా. ఆయన దగ్గరున్న పుస్తకంలో ఆ హిట్లర్ గుర్తు ఫొటో చూశాను, నల్లగా, ఒక పక్కకు ఒరిగి, చుట్టూ ఆకుల దండతో. చూసి పేజీ తిప్పాను. మా ఇంట్లో గడప మీద, వడ్ల గుమ్మి మీద, కొత్త నాగలి మీద మా అమ్మ పెట్టే ఎర్రటి గుర్తు, నాలుగు గళ్ళల్లో నాలుగు చుక్కలతో, అదీ ఇదీ ఒకటే అన్న ఆలోచన నాకు రాలేదు. ఒకటి పుస్తకంలో ఉంది, ఇంకొకటి చేతిలో ఉంది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఇదే జరిగింది.

అతిథి వచ్చే రోజు పొద్దున కాగితాలన్నీ ఆర్ట్స్ కాలేజీ వరండాలో వరసగా పెట్టాం. గోడలకు ముందురోజే సున్నం వేశారు. మాస్టారు అతిథిని తీసుకురావడానికి వెళ్ళారు. వెళ్తూ వరస మొత్తం ఒకసారి చూసుకుని, ఖాళీ కాగితం కొంచెం పక్కకు ఒరిగితే సరిచేశారు. ఆయన వెళ్ళాక మా సాయంత్రం కోర్సు నడిపే విభాగం హెడ్ గారు వచ్చారు. పాత హైదరాబాదు మనిషి, మంచివారు, ఇంటి నుంచి పళ్ళెంలో కొబ్బరికాయ, కుంకుమ తెచ్చారు. వరండా అంతా తిరిగి చూసి, "అరె యాదగిరీ, ఇంత మంచి పని వట్టిగ షురూ చేస్తరా? కొబ్బరికాయ కొట్టు, జర కుంకుమతోని స్వస్తిక్ పెట్టు, అయిపాయె" అన్నారు. గోడకు మాత్రం పెట్టవద్దని, సున్నం ఇంకా పచ్చిగా ఉందని కూడా అన్నారు. కొబ్బరికాయ కొట్టాను. ఇక కుంకుమ ఎక్కడ పెట్టాలో చూశాను. ప్రతి కాగితం మీదా నేను వేసిన బొమ్మ ఉంది. ఒక్క కాగితం తెల్లగా ఉంది. దాని మధ్యలో ఉంగరపు వేలితో నాలుగు గీతలూ నాలుగు చుక్కలూ పెట్టాను. చక్కగా వచ్చింది. హెడ్ గారు బాగుందన్నారు. కొబ్బరిచిప్పలు తీసుకుని లోపలికి వెళ్ళారు.

కాసేపటికి మాస్టారు అతిథితో వచ్చారు. అతను పొడుగ్గా, కొంచెం వంగి నడిచే మనిషి. మొదటి కాగితం నుంచి వరసగా చూస్తూ వచ్చాడు, మాస్టారు పక్కన మెల్లగా చెబుతున్నారు. ఎండుచేప దగ్గర ఆయన ఏదో అంటే అతను నవ్వాడు కూడా. ఆరోదాన్ని చూసి తల ఊపాడు. ఏడోదాని ముందు ఆగాడు. మాస్టారు చెప్పినట్టే, చూసేవాడు ఆగాడు. అప్పుడే మాస్టారు కూడా ఆ కాగితాన్ని చూశారు. ఆయన ముఖం నాకు కనబడుతూనే ఉంది. కోపం లేదు, కంగారు లేదు. ఏదో చదువుతున్నవాడిలా ఉంది. అతిథి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఇది చేసింది ఎవరు అని జర్మన్లో అడిగాడు. మనసులో తెలుగులోకి తిప్పుకోకుండా నాకు నేరుగా అర్థమైన మొదటి జర్మన్ వాక్యం అది. నా కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

"నేనే" అన్నారు మాస్టారు, అదే భాషలో. చిన్న మాట. తర్వాత ఇంకొన్ని మాటలు చెప్పారు. ఈ దేశంలో ఇది మంచికి గుర్తు, పని మొదలుపెట్టేటప్పుడు పెడతాం, ఈ చోటు ఏ చోటో మరచిపోయాను, క్షమించండి. అతిథి విన్నాడు. పక్క కాగితం దగ్గరికి జరిగి, ఈకలు బాగా వేశారు, ఎవరు వేశారు అని అడిగాడు. మాస్టారు నన్ను చూపించారు. అతను నా వైపు చెయ్యి చాపాడు. జేబు లోపలి గుడ్డకు వేలు గట్టిగా తుడిచి, చెయ్యి బయటికి తీసి ఇచ్చాను. వేలికి ఎరుపు ఎంత మిగిలిందో, అతను చూశాడో లేదో నాకు తెలియదు. మర్నాడు ఇంటర్వ్యూలో అతను కెమిస్ట్రీ గురించి అడిగాడు, గద్దల గురించి అడగలేదు. నాకు స్కాలర్‌షిప్ వచ్చింది.

ఆ రోజు సాయంత్రం క్యాంపస్ నుంచి తార్నాక దాకా ఇద్దరం నడిచి వచ్చాం. బస్సెక్కవచ్చు, కానీ ఆయన నడక మొదలుపెడితే నేనూ వెనకే నడిచాను. సగం దూరం వచ్చాం. "గట్లెందుకు చెప్పిన్రు సార్" అని నేనే అడిగాను. "నీకు రేపు ఇంటర్వ్యూ ఉందయ్యా. నాకు ఏమీ లేదు" అన్నారు. ఇంకొంచెం నడిచాక, వేలు ఇంకా ఎర్రగానే ఉంది, ఇంట్లోకి వెళ్ళేముందు కుళాయి దగ్గర కడుక్కోమన్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ వారంలోనే నాకు హాస్టల్లో సీటు దొరికింది, దొరికిందని వెళ్ళిపోయాను. తర్వాతి నెల సాయంత్రం క్లాసు ఆయన మానేశారని తెలిసింది. ఉండమని హెడ్ గారు బతిమాలారట. తెలిసినవాణ్ణని కూర్చోబెడితే, తెలిసినవాడు చేయకూడని పని జరిగింది, ఇక ఆ కుర్చీలో కూర్చోను అన్నారట. 'జరిగింది' అన్నారో 'చేశాను' అన్నారో నాకు చెప్పినవాళ్ళకు గుర్తులేదు. తర్వాత ఒక స్కూల్లో ఇంగ్లీషు చెప్పుకుంటూ బతికారు.

నేను జర్మనీ వెళ్ళాను. అక్కడ నాణెం మీద గద్ద, పాస్‌పోర్టు తనిఖీ గది తలుపు మీద గద్ద, విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం మీద గద్ద. మొదట్లో ఆగి ఆగి చూసేవాణ్ణి, తర్వాత కనిపించడం మానేసింది. అక్కడ మన కుర్రాళ్ళం ఆదివారాలు ఒకచోట చేరి అన్నం వండుకునేవాళ్ళం. ఒకసారి ఆ గదిలో ఈ కథ చెప్పాను. మా క్లాసులో ఒకడు ఇలా చేశాడని మొదలుపెట్టాను. ఎవడురా వాడు అని ఒకడు అడిగాడు. మా సారే అన్నాను. ఆ మాటకు వచ్చిన నవ్వు, అంతకు ముందు రాలేదు. తర్వాతి సారి సారుతోనే మొదలుపెట్టాను. హైదరాబాదు తిరిగి వచ్చి ఇక్కడి ప్రయోగశాలలో ఉద్యోగంలో చేరాక, పెళ్ళి విందుల్లో, టీ గంటలో, ఎన్నిసార్లు చెప్పానో తెలియదు. నర్సింగరావు ఆ రోజు వరండాలో లేడు. అతను విన్నది నా దగ్గరే. ఆ కథలో మాస్టారి నడక, తెల్లసుద్ద బూట్లు, గుంటూరు యాస అన్నీ ఉండేవి. బాగా చెప్పేవాణ్ణి. ఆయన తార్నాకలోనే ఉండేవారు, నా ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో. అప్పుడప్పుడు దారిలో కనబడితే నమస్కారం పెట్టేవాణ్ణి. బాగున్నావా అయ్యా అనేవారు.

ఈ మధ్యే రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. తూర్పు జర్మనీ వాళ్ళు గద్దను ఎప్పుడో వదిలేసి సుత్తీ వృత్తలేఖినీ పెట్టుకున్నారు, అవి పోయాయి. మిగిలింది అదే గద్ద, మేము రెండుసార్లు వేసినది. టీవీలో దాన్ని చూస్తూ నేను భోజనం చేశాను. తార్నాక ఇప్పుడు వేరే ఊరు. ఆ పెరడున్న ఇల్లు కొట్టేసి మూడంతస్తులు లేపారు, రోడ్డు దాటాలంటే చాలాసేపు నిలబడాలి. అప్పుడు సాయంత్రమైతే క్యాంపస్ వైపు నుంచి చెట్ల వాసన వచ్చేది, సీతాఫల్‌మండి వైపు రైలు కూత వినిపించేది. ఇప్పుడు ఆ రెండూ ఉన్నాయో లేవో నాకు తెలియదు, బస్సుల మధ్య ఆగి వినలేదు. అప్పుడు ఒక బొమ్మలో తల ఎటు తిరిగిందన్న దానికి రెండు ఆదివారాల పని చింపేసి మళ్ళీ వేయించిన మనిషి గురించి, నేను ఇన్నేళ్ళు ఒక తప్పు బొమ్మ వేసి ఊరంతా తిప్పాను. దాన్ని ఆయన సరిచేయించలేదు. విన్నారో లేదో కూడా తెలియదు.

సభ జరిగిన మర్నాడు పొద్దున సుగుణమ్మగారిని చూడటానికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. మంచం మీద ఆయన దుప్పటి ఇంకా మడత పెట్టి ఉంది. ఆమె టీ పెట్టి ఇచ్చి, స్టూలు మీద కూర్చుంది. నర్సింగరావు అలా చెప్పినందుకు మన్నించమని అన్నాను. అతను తెలియక చెప్పాడు, అసలు జరిగింది రాసి అందరికీ తెలిసేలా చేస్తానని అన్నాను. ఆమె అన్నీ తెలిసిన మనిషే అనుకుని మాట్లాడుతున్నాను. ఇంట్లో చెప్పి ఉంటారు కదా అనుకున్నాను, ఎవరైనా అలాగే అనుకుంటారు.

"అసలు జరిగింది ఏంటి బాబూ?" అంది.

"ఆ రోజు కుంకుమ పెట్టింది నేనమ్మా. సారు కాదు."

ఆమె నా వైపు చూడలేదు. స్టవ్ మీద పాలగిన్నె మూత సరిచేసింది. ఆయనకు తెలుసా అని అడిగింది. తెలుసు, నా ముందే తన మీద వేసుకున్నారు అని చెప్పాను. ఇంకెవరికి తెలుసని అడిగింది. హెడ్ గారికి తెలుసు గానీ ఆయన ఎప్పుడో పోయారు, ఇంకెవరికీ తెలియదన్నాను. తర్వాత, పాఠం చెబుతున్నట్టు, మెల్లగా చెప్పింది. ఆ సాయంత్రానికే సంగతి చర్చిలో పొక్కింది. నిజమేనా అని తను ఆయన్ని అడిగితే నిజమే అన్నారు. మీ నాన్నకు అక్షరాలు పెట్టించి, మీకు ఈ భాష నేర్పింది ఆ దేశం వాళ్ళు, వాళ్ళను అంత బాధ పెట్టిన గుర్తును వాళ్ళ మనిషి ముందు, అదీ కుంకుమతో పెడతారా, హెడ్డు గారిని మెప్పించి ఉద్యోగం నిలుపుకోడానికా అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. జవాబు లేదంటే అదే నిజమనుకుంది.

"మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ ఆయనే చేసేవారు" అంది. "ఆ రోజు ఆయన చేతులు జోడిస్తుంటే, కుంకుమ పెట్టిన చేతులతో వద్దులెండి, నేను చేస్తాను అన్నాను. సరే అన్నారు. అప్పటినుంచి నేనే చేశాను."

ఎన్నాళ్ళమ్మా అని అడిగాను.

"ఎన్నాళ్ళేంటి బాబూ. మొన్న ఆస్పత్రికి తీసుకెళ్ళేదాకా."

నా చేతిలో టీ చల్లారిపోయింది. లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది, లేవలేదు. నువ్వు రాస్తానన్నావు కదా అని ఆమే అంది. రాస్తానన్నాను, అయితే ఇప్పుడు మీరు చెప్పింది మాత్రం రాయనన్నాను.

"రాయి" అంది. "నీది రాసి నాది ఎందుకు వదిలేస్తావు? నేను ప్రార్థన చేసినంతసేపూ ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారని రాయి. చివర్లో ఆమేన్ అనేవారు. అది మాత్రం రోజూ అనేవారు."